టీమ్‌కు టార్గెట్లు రాయమన్నరు, ఏది కొలవాలె ఎట్ల కొలవాలె? అనుభవం ఉన్నోళ్లు జర చెప్పండి

మడికొండ_మెట్లు | సోమవారం రాత్రి 9:40

అందరికి నమస్తే. నేను మడికొండ దిక్కు ఒక కంపెనీల సపోర్ట్ టీమ్‌ల పని చేస్తున్న. పోయిన నెలల్నే టీమ్ లీడ్‌ను చేసిన్రు. నా కింద ఎనిమిది మంది ఉన్నరు, అందరు ఈ చుట్టుపక్కలోళ్లే, పరకాల నుంచి రోజు బస్సుల వచ్చే పిల్ల గూడ ఉంది. పని ఏందంటే క్లయింట్ సాఫ్ట్‌వేర్ వాడేటోళ్లకు సమస్య వస్తే టికెట్ (కంప్యూటర్ల ఫిర్యాదు) పెడ్తరు, మేం చూసి సరిచేసి క్లోజ్ చేస్తం. ఇప్పుడు మేనేజర్ సార్ ఒక షీట్ పంపిండు, అండ్ల మూడు గడులు, లక్ష్యం, కొలత, గడువు. జులై నుంచి సెప్టెంబర్ దాకా మూడు నెలలకు రాసుకొని శుక్రవారం రమ్మన్నడు.

నేను రాసుకున్నది ఇది: కస్టమర్ సంతృప్తి పెంచుడు, టీమ్ వర్క్ మెరుగుపర్చుడు, ఒక్కొక్కరు రోజుకు 40 టికెట్లు క్లోజ్ చేసుడు. రాసినంక చదువుకుంటే నాకే మనసున పడ్తలేదు.

ఎందుకంటే ఆ 40 ఇదివరకటి లీడ్ ఉన్నప్పటిది. నేను గూడ ఆ 40 కొట్టినదాన్నే. సాయంత్రం 5 అయ్యేసరికి 31 దగ్గర ఉంటే ఇంకో 9 ఎట్ల అని చూసి, "మీ వివరాలు అందలేదు, అవసరమైతే మళ్లీ రాయగలరు" అని ఒక లైను పెట్టి క్లోజ్ కొట్టేదాన్ని. తెల్లారి అదే మనిషి కోపంతోని కొత్త టికెట్ పెడ్తుండె. అది ఇంకొకరికి పోతుండె, వాళ్లు మళ్ల మొదటికెళ్లి అన్ని అడుగుతుండ్రి. ఇప్పుడు ఆ కుర్చీల నేను కూసున్న, అదే 40 తీస్కపోయి ఈ పిల్లల నెత్తిన పెట్టబుద్ధి అయితలేదు, తీసేస్తే దాని జాగల ఏం పెట్టాలెనో తెలుస్తలేదు. ఎవరన్న చేసినోళ్లు ఉంటే చెప్పండి.

ఎనుమాముల_కాంటా | సోమవారం రాత్రి 10:15

చెల్లె, మొదటి రెండు తీసెయ్. సంతృప్తి పెరిగిందా లేదా అని సెప్టెంబర్ల ఎవరన్న అడిగితే నువ్వు పెరిగింది అంటవ్, ఆయన లేదంటడు, ఎవరిది నిజమో తేల్చేటందుకు ఏం ఉండదు. కాంటా మీద పెట్టలేని సరుకుకు రేటు ఎవ్వరు కట్టరు.

మూడోదాని గురించి నా సంగతి చెప్త. నేను మార్కెట్ దగ్గర ఒక కోల్డ్ స్టోరేజీల సూపర్‌వైజర్‌ను. ఫిబ్రవరి నుంచి మిర్చి వస్తది, ఏప్రిల్ దాకా ఊపిరి తీసుకోనియ్యదు. బండ్లు లైన్ కడ్తయి గదా, మా ఓనర్ గంటకు ఇన్ని బస్తాలు చాంబర్ల పడాలె అని లెక్క పెట్టిండు. హమాలీ అన్నలు పాపం ఉరికి ఉరికి ఆ లెక్క చేసిన్రు, మేం గూడ ఖుషీ అయినం. జులై వచ్చింది. ఒక రైతు బాండు (సరుకు పెట్టినందుకు మేం ఇచ్చే రసీదు) పట్టుకొని వచ్చిండు, రేటు బాగుంది శాంపిల్ తియ్యండి అన్నడు. ఆయన లాట్ మూడో చాంబర్ అని బాండుల ఉంది, అక్కడ లేదు. ఉరుకులల ఒక లాట్ బస్తాలు ఇంకో లాట్ మీద వేసిన్రు, మార్కింగ్ గోడ దిక్కుకు పోయింది. రెండు రోజులు వెతికినం, ఆ రెండు రోజులు ఆ ముసలాయన గేటు కాడ కూసున్నడు. మూడో నాటికి రేటు దిగింది. ఆయన మమ్ముల ఒక్క మాట అనలే, తువ్వాల దులుపుకొని పోయిండు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలే.

మరుసటి సీజన్ల గంటకు బస్తాలు అనేది తీసేపిచ్చిన. దాని జాగల ఒక్కటే లెక్క: రైతు బాండు చేతికిచ్చినంక శాంపిల్ బయటికి రావడానికి ఎన్ని నిమిషాలు. చాంబర్ తలుపు మీద నల్లబోర్డు పెట్టి సుద్దముక్కతోని రోజు రాస్తం. ఆ నిమిషాలు తగ్గాలంటే ఏం చెయ్యాలె? ఎక్కించేటప్పుడే మార్కింగ్ దారి దిక్కుకు ఉండాలె, లాట్‌కు లాట్‌కు నడుమ సందు ఉండాలె. ఎవరికి చెప్పాల్సిన అవసరం పడలే, హమాలీ మేస్త్రీనే బస్తా తిప్పి పెట్టుడు మొదలుపెట్టిండు.

నీకు గూడ అదే. ఎన్ని క్లోజ్ చేసినం అనేది నీ దిక్కు లెక్క. టికెట్ పెట్టినాయన దిక్కు లెక్క ఏందో చూడు.

పాతసారు_హన్మకొండ | సోమవారం రాత్రి 11:05

అమ్మా, నేను ఎంబీఏ పిల్లలకు ఇదే సబ్జెక్టు చాలా ఏండ్లు చెప్పి రిటైరయిన. పై తమ్ముడు తన పనిలకెళ్లి చెప్పింది క్లాసుల నేను చెప్పినదానికన్న బాగుంది. దానికి వెనుక ఉన్న సంగతి కొంచెం జోడిస్త.

పని చేసేటోళ్లను గంటల లెక్కన గాక, సాధించాల్సిన ఫలితం లెక్కన నడపాలె అని మేనేజ్‌మెంట్ పుస్తకాలు రాసే పీటర్ డ్రక్కర్ 1954లనే రాసిండు. తర్వాత 1981ల జార్జ్ డోరన్ అనే ఆయన చిన్న వ్యాసం ఒకటి రాసిండు, ఇప్పుడు ప్రతి ఆఫీసుల స్మార్ట్ గోల్స్ అని చెప్పేది అదే. స్మార్ట్‌ల ఒక్కొక్క ఇంగ్లీషు అక్షరం మంచి లక్ష్యానికి ఉండాల్సిన ఒక్కో గుణం, అండ్ల ఒక అక్షరం గురించి మనోళ్లు పొరపడ్తరు. ఇయ్యాల రేపు 'ఎ' అంటే సాధ్యమయ్యేది అని చెప్తున్నరు గాని, డోరన్ రాసింది ఎవరికి అప్పజెప్పినం అని. అంటే లక్ష్యం పక్కన ఒక మనిషి పేరు ఉండాలె. నీ మూడు లక్ష్యాలల ఒక్కదాని పక్కన గూడ పేరు లేదు చూడు.

ఇంకొకటి. "చేతనైనంత మంచిగ చెయ్యండి" అని చెప్పడం కన్న స్పష్టమైన, కొంచెం కష్టమైన లక్ష్యం ఇస్తే మనుషులు ఎక్కువ చేస్తరని ఎడ్విన్ లాక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1968ల చెప్పిండు. ఆయనతోని కలిసి పనిచేసిన గ్యారీ లేథమ్ 1975ల ఒక అధ్యయనం అచ్చు వేసిండు, నేను ప్రతి బ్యాచ్‌కు ఇది చెప్పకుండ వదిలేటోన్ని గాదు. అమెరికాల ఓక్లహోమాల దుంగలు మోసే లారీలు. చట్టం ఒప్పుకునే బరువుల 60 శాతం దగ్గరనే నింపుకొని పోతున్నరు డ్రైవర్లు. చేతనైనంత నింపండి అంటే అంతే నింపుతున్నరు. అప్పుడు 94 శాతం అని ఒక అంకె ఇచ్చిన్రు. అందకపోతే శిక్ష లేదు, అందితే బహుమానం లేదు అని ముందే చెప్పిన్రు. మొదటి నెల 80కి పోయింది. రెండో నెల 70కి పడింది. ఎందుకో తెలుసా? శిక్ష లేదు అన్న మాట నిజమా కాదా అని డ్రైవర్లు చూసిన్రు. యాజమాన్యం మాట మీద నిలబడ్డది, ఎవరిని ఏం అనలే. తర్వాత 90కి ఎక్కింది, ఆనే నిలబడ్డది.

ఆ రెండో నెల నీకు గూడ వస్తదమ్మా. అప్పుడు నువ్వు ఏం చేస్తవో దాని మీదనే అంతా ఉంటది.

కరీంనగర్_కమాన్ | మంగళవారం ఉదయం 7:50

సార్ చెప్పింది వినడానికి మంచిగుంది గాని నేను ఒప్పుకోను. నేను ఫైనాన్స్ లైన్ల పన్నెండేండ్లు చేసిన. నంబరు పైనుంచే వస్తది. హైదరాబాద్‌కు ముంబైకెళ్లి వస్తది, హైదరాబాద్‌కెళ్లి కరీంనగర్‌కు వస్తది, కిందికి వచ్చేసరికి ఎవరిని అడిగేది ఉండదు. నెలకు ఇన్ని ఇన్సూరెన్స్ పాలసీలు అమ్మాలె అని. మా బ్రాంచిల ఒక పిల్లగాడు నెలాఖరుకు తన సొంత జీతంల నుంచి రెండు పాలసీలు కట్టిండు, అమ్మ పేరు మీద ఒకటి, మేనమామ పేరు మీద ఒకటి. టార్గెట్ అయిపోయింది, అందరం చప్పట్లు కొట్టినం. ఏడాది తర్వాత ప్రీమియం కట్టలేక రెండు మురిగిపోయినయి. ఆ పిల్లగానికి పెండ్లి గూడ గాలే అప్పటికి.

అమెరికాల వెల్స్ ఫార్గో బ్యాంకు కథ అందరికి తెలిసిందే గదా, ఒక్కొక్క కస్టమర్‌కు ఇన్ని ఖాతాలు అని వెంటపడేసరికి, స్టాఫు కస్టమర్లకు తెల్వకుంట లక్షల ఖాతాలు తెరిచిన్రు. 2016ల 18.5 కోట్ల డాలర్ల జరిమానా పడ్డది, 5,300 మంది దాకా నౌకర్లు పోయినయి. నంబరు పెట్టినోళ్లు ఎవరు, ఇంటికి పోయింది ఎవరు? అందుకే నేను అనేది, కింద ఉన్నోళ్లకు నంబర్లు లేకపోతేనే మంచిది.

వార్డు_ఇంచార్జి | మంగళవారం మధ్యాహ్నం 3:20

కరీంనగర్ అన్నా, ఆ పిల్లగాని సంగతి చదువుతుంటే కండ్లల నీళ్లు తిరిగినయి. కానీ నంబరే వద్దు అంటే నేను ఊకోను, ఎందుకంటే నంబరు లేని రోజులు గూడ నేను చూసిన.

నేను హన్మకొండల ఒక ప్రైవేట్ దవాఖానల వార్డు ఇంచార్జి సిస్టర్‌ని. మాకు పెద్ద బాధ డిశ్చార్జి. పొద్దున 9:30కు డాక్టర్ సారు రౌండ్‌కు వచ్చి ఇయ్యాల పంపిద్దాం అంటడు. ఆ మాట వినంగనే ఇంటోళ్లు బట్టలు సర్దుకుంటరు, ములుగు నుంచో ఏటూరునాగారం నుంచో బండి మాట్లాడుకుంటరు, ఆ బండి 11 నుంచి కింద నిలబడి ఉంటది. మనిషి గేటు దాటేసరికి సాయంత్రం 5. ఇటు ఆ బెడ్డు కోసం క్యాజువాలిటీల ఇంకో పేషెంట్ స్ట్రెచర్ మీద పండుకొని ఉంటడు. అందరం అందరిని తిట్టుకునేటోళ్లం. మేం బిల్లింగోళ్లను అంటుంటిమి, వాళ్లు డ్యూటీ డాక్టర్లను అంటుండ్రి. నంబరు లేదు గదా, అందుకే ఎవరి గొంతు పెద్దగుంటే వాళ్లది నిజం.

నేను ఏం చేసిన్నంటే గులాబీ రంగు చీటీ ఒకటి జిరాక్సు తీపిచ్చిన, అరచేయంత ఉంటది. అండ్ల ఐదు గీతలు. డాక్టరు చెప్పిన టైము, డిశ్చార్జి సమ్మరీ (మందులు, వైద్యం రాసిచ్చే కాయితం) టైపు అయిన టైము, మిగిలిన మందులు ఫార్మసీకి వాపస్ పోయిన టైము, బిల్లు అయిన టైము, గేటు దాటిన టైము. ప్రతి డిశ్చార్జి ఫైలుకు పిన్ను కొట్టినం. ఎవరి పేరు రాయద్దు, గడియారం చూసి టైము ఒక్కటే రాయాలె అని చెప్పిన. వారం రోజుల చీటీలు ఇంటికి తీస్కపోయి మంచం మీద పరుచుకొని లెక్క చేసిన. మేం రోజు తిట్టుకునే బిల్లింగ్ 25 నిమిషాలల అయిపోతుంది! టైము అంతా మందులు వాపస్ చేసే కాడ పోతుంది, రెండు గంటల మీద. ఎందుకంటే వార్డు బాయ్ ఒక్కడే, వాడు అందరివి కూడబెట్టుకొని మధ్యాహ్నం ఒకటే ట్రిప్పు కొడ్తున్నడు. ఆ మందులు లెక్క అయితే తప్ప బిల్లు కొట్టరాదు. వాని తప్పు గూడ కాదు, వానికి అట్ల చెయ్యమనే చెప్పిన్రు.

గప్పుడు పెట్టుకున్నం లక్ష్యం. డాక్టరు చెప్పినంక మూడు గంటలల పేషెంట్ గేటు దాటాలె, వందల ఎనభై మందికి, రెండు నెలలల. రేపు పోయేటట్టున్న వాళ్ల మందులు ముందురోజు రాత్రి డ్యూటీ సిస్టరే లెక్క పెట్టి కవర్ల వేస్తది. అంతే మార్పు. రెండు నెలలకు 80 గాలే, 71 అయింది, మూడో నెల దాటినంక 80 అయింది.

రెండు సంగతులు యాది పెట్టుకో చెల్లె. ఒకటి, సగటు మీద లక్ష్యం పెట్టకు. సగటు మూడు గంటలు అని ఉంటే, పది మందిని రెండు గంటలల పంపి ఒక ముసలమ్మను తొమ్మిది గంటలు కూసోపెట్టినా సగటు మంచిగనే కనిపిస్తది, ఆ అవ్వ ఎక్కడ కనిపియ్యదు. వందల ఎంత మందికి అని రాసుకో. రెండోది, ఒక్క నంబరు ఒంటరిగ పెట్టకు. తొందర పెడితే సమ్మరీల మందు డోసు తప్పు పడొచ్చు, అది ప్రాణం మీదికి వస్తది. అందుకే పక్కన ఇంకో లెక్క పెట్టినం, ఎన్ని సమ్మరీలు మళ్ల దిద్దాల్సి వచ్చింది అని. టైము తగ్గి దిద్దుళ్లు పెరిగితే మేం గెలిచినట్టు కాదు అని ముందే అనుకున్నం.

కరీంనగర్_కమాన్ | మంగళవారం సాయంత్రం 6:10

అక్కా, ఆ చీటీ మీరే తయారు చేసుకున్నరు, మీ నంబరు మీరే పెట్టుకున్నరు. మాకు ఆ భాగ్యం లేదు. సరే, నా మాట కొంచెం మార్చుకుంట. నంబరు వద్దు అనను, పని చేసేటోన్ని అడగకుండ పెట్టిన నంబరు వద్దు.

పాతసారు_హన్మకొండ | మంగళవారం రాత్రి 8:45

కమాన్ తమ్ముడూ, నీ బాధకు ఒక పేరు గూడ ఉంది, గుడ్‌హార్ట్ సూత్రం అంటరు. చార్లెస్ గుడ్‌హార్ట్ అనే బ్రిటిష్ ఆర్థికవేత్త 1975ల చెప్పిన మాట, దాన్ని తర్వాత సులువు చేసి చెప్పుకున్నది ఏందంటే, కొలతనే లక్ష్యం అయి కూసున్ననాడు అది కొలతగ పనికిరాకుండ పోతది. మీ పిల్లగాడు పాలసీ కట్టిండు, ఈ అమ్మాయి టికెట్ క్లోజ్ కొట్టింది, రెండు ఒకటే. అందుకే సిస్టర్ అమ్మ చెప్పిన జంట లెక్క అంత అవసరం. ఇంటెల్ అనే చిప్‌ల కంపెనీని నడిపిన ఆండీ గ్రోవ్ గూడ ఇదే చెప్పేటోడు, ఒక కొలత పెడితే దాని చెడును పట్టిచ్చే ఇంకో కొలత పక్కన ఉండాలని. ఇప్పుడు అందరు ఓకేఆర్‌లు (ఒక లక్ష్యం, దాని కింద కొలిచే ఫలితాలు) అంటున్నది ఆయన దగ్గర పుట్టిందే, 1999ల జాన్ డోర్ అనే పెట్టుబడిదారు దాన్ని గూగుల్‌కు తీస్కపోయిండు.

మడికొండ_మెట్లు | బుధవారం రాత్రి 10:30

అందరికి మస్తు థ్యాంక్స్, కాంటా అన్నా మీ రైతు సంగతి ఇంట్ల మా నాన్నకు చదివి వినిపిచ్చిన, ఆయన గూడ మిర్చి పెట్టేటోడే, చాలాసేపు ఏం మాట్లాడలే.

ఇయ్యాల పోయిన నెలల ఒక వారం డేటా తీసిన. 1,540 టికెట్లు క్లోజ్ చేసినం. అండ్ల ఏడు రోజుల లోపల అదే కస్టమర్ అదే సమస్య మీద మళ్ల వచ్చినయి 323. అంటే వందకు 21. నేను పది, పన్నెండు ఉంటయేమో అనుకున్న. ఐదు పనులల ఒకటి రెండుసార్లు చేస్తున్నమన్నట్టు, దాన్ని రెండు టికెట్లు అని లెక్క రాసుకొని ఖుషీ అయితున్నం.

కొత్తగ రాసిన, చూడండి: "సెప్టెంబర్ 30 కల్లా, క్లోజ్ చేసిన ప్రతి 100 టికెట్లల ఏడు రోజులల తిరిగొచ్చేవి 21 నుంచి 5కు తగ్గాలె. పక్కన: ప్రతి 100 టికెట్లల 90కి నాలుగు గంటల లోపల మొదటి జవాబు పోవాలె." ఒక్కొక్కరికి విడిగ ఎన్ని తిరిగొచ్చినయో బోర్డు మీద పెడ్దామనుకుంటున్న.

గోదావరిఖని_ఫస్ట్‌షిఫ్ట్ | గురువారం ఉదయం 6:15

బిడ్డా, నేను బొగ్గుబాయిల పనిచేసి దిగిపోయిన మనిషిని. ఆ బోర్డు పెట్టకు. ఒక్కొక్కని పేరు పక్కన నంబరు పెడితే ఏమైతదో చెప్త. ఏ పనిల అయినా సరే, దెబ్బలు సున్నా ఉండాలె, తాకితే మీ పేరు గోడ మీద ఎక్కుతది అన్నరనుకో, దెబ్బలు ఆగయి, చెప్పుడు ఆగుతది. వేలు నలిగినోడు రుమాలు చుట్టుకొని ఇంటికి పోతడు. నీ పిల్లలు గూడ కష్టమైన టికెట్ ముట్టుకోరు, అది తిరిగొస్తది గదా, పక్కోనికి తోస్తరు.

ఇంకోటి, తిరిగొచ్చుడు అనేది అయిపోయినంక తెలిసే లెక్క. బాయిల మేం లోపటికి పోంగనే పైకప్పును రాడ్డుతోని కొట్టి సప్పుడు వింటం. గట్టిగ మోగితే సరే, డొల్ల సప్పుడు వచ్చిందంటే పొర విడిచింది అన్నట్టు, ఎవ్వరిని దాని కిందికి పోనియ్యం. ఎన్ని దెబ్బలు తాకినయి అనేది నెల చివరికి తెలుస్తది, రాడ్డు కొట్టినమా లేదా అనేది ఇయ్యాల పొద్దున తెలుస్తది. రోజు చూసుకోవాల్సిన లెక్క అది. మీ పనిల ఆ రాడ్డు ఏందో కనుక్కో.

సిరిసిల్ల_లైన్ | గురువారం ఉదయం 11:40

తాత చెప్పింది నిజం. మాది బట్టలు కుట్టే యూనిట్, లైన్ల కొసకు బోర్డు ఉంటది, గంటకు ఎన్ని పీసులు, ఎన్ని ఆల్టరేషన్‌కు తిరిగొచ్చినయి అని. ఇదివరకు మనిషి మనిషికి రాస్తుండ్రి, కాలర్ కుట్టే అక్కలే రోజు బద్నాం అయితుండ్రి ఎందుకంటే కాలరే కష్టం. ఇప్పుడు లైన్ మొత్తానికి ఒక్కటే రాస్తరు. కాలర్ దగ్గర ఆగితే పక్క మిషన్ అక్క లేచి వచ్చి చూస్తది. మడికొండ అక్కా, 21 నుంచి 5 అనేది గూడ మూడు నెలలకు ఎక్కువ, పైనుంచి దసరా ముంగట లీవులు ఉంటయి, కొత్తోళ్లు ఎవరన్న వస్తే నేర్పాలె. 12 పెట్టుకో.

వార్డు_ఇంచార్జి | గురువారం మధ్యాహ్నం 2:05

12 మంచిదే. ఆ 323ల ఒక యాభై తీసి ఒక్కొక్కటి చదువు చెల్లె, ఊరికె లెక్క పెట్టకు, చదువు. అన్ని మీ చేతుల ఉన్నయి కావు. మీ చేతుల లేనివి మీ లెక్కల కలుపుకుంటే పిల్లల మనసు ఇరుగుతది.

మడికొండ_మెట్లు | గురువారం రాత్రి 11:50

అక్కా, చదివిన, యాభై కాదు అరవై చదివిన. నిజంగ సాఫ్ట్‌వేర్ల బగ్ (తయారీల తప్పు) ఉండి తిరిగొచ్చినయి 14. మేం ఏం చేసినా అవి తిరిగొస్తయి. మిగిలిన వాటిల ఎక్కువ ఒకటే తీరు, మేం పరిష్కారం రాసినం గాని అది పనిచేసిందా అని కస్టమర్‌ను అడగకుండ క్లోజ్ కొట్టినం. తాతా, నా రాడ్డు దొరికినట్టుంది. క్లోజ్ చేసే ముందు "ఇప్పుడు పనిచేస్తున్నదా" అని అడిగి, అవును అనిపిచ్చుకున్నమా లేదా. ఇది రోజు సాయంత్రం లెక్క పెట్టొచ్చు.

రేపటి షీట్‌ల రాసినవి: తిరిగొచ్చేవి 21 నుంచి 12, టీమ్ మొత్తానికి ఒక్కటే లెక్క, పేరు నాది. మొదటి జవాబు నాలుగు గంటలల వందకు 90, పేరు పరకాల పిల్లది, ఎందుకంటే పొద్దున వచ్చిన టికెట్లు అందరికి పంచేది తనే. బగ్గులు విడిగ లిస్టు, ప్రతి శుక్రవారం క్లయింట్‌కు పోతది, పేరు మా సీనియర్ తమ్మునిది. 40 అనేది లేదు. ఇవి రాసే ముందు ఎనిమిది మందిని క్యాంటీన్ల కూసోపెట్టి చూపిచ్చిన, పేర్లు పెట్టుకునేటోళ్లను ముందుగాల అడిగిన. ఒకడు అడిగిండు, ఇది ఇంక్రిమెంట్ల కలుపుతరా అక్కా అని. కలపనియ్యనని చెప్పిన. సార్‌ను ఇంక అడగలే, అడగాలె.

పాతసారు_హన్మకొండ | శుక్రవారం ఉదయం 6:30

అమ్మా, ఆ మాట ఇచ్చినవు కాబట్టి ఇయ్యాల మీటింగ్‌ల మొదలు అదే అడుగు.

మడికొండ_మెట్లు | ఏడు వారాల తర్వాత, ఆదివారం సాయంత్రం 5:30

మళ్ల వచ్చిన, ఏమైందో చెప్పకపోతే మంచిగుండదు.

ఆ శుక్రవారం సార్ వెంటనే ఒప్పుకోలే. 40 తీసేస్తే పైవాళ్లకు ఏం చూపియ్యాలె అన్నడు. 323 టికెట్ల లిస్టు ముందల పెట్టిన, అండ్ల ఒకే కస్టమర్ నాలుగుసార్లు వచ్చినది చూపిచ్చిన, ఆయన అది మొత్తం చదివిండు. ఒక క్వార్టర్ చూద్దాం, ఈ క్వార్టర్ ఇంక్రిమెంట్ లెక్కల కలపను అన్నడు. ఆ మాట మెయిల్‌ల పెట్టమని అడిగిన, పెట్టిండు.

మొదటి రెండు వారాలు 21 నుంచి 17కు వచ్చింది. మూడో వారం మళ్ల 20. గుండె ఝల్లుమన్నది. సారు చెప్పిన లారీ డ్రైవర్ల రెండో నెల యాదికొచ్చింది, ఎవరిని ఏం అనలే, సోమవారం పదిహేను నిమిషాల మీటింగ్‌ల నంబరు చూపిచ్చి ఏం జరిగిందో చెప్పమని కూసున్న. చాలాసేపు అందరు ఊకున్నరు. అప్పుడు ఒక పిల్లగాడు చెప్పిండు, "ఇప్పుడు పనిచేస్తున్నదా" అని అడిగితే జవాబు రావడానికి ఒక రోజు పడ్తుంది, అందాక టికెట్ ఓపెన్ ఉంటే నాలుగు గంటల లెక్క పాడయితదేమో అని భయపడి అడగకుండ క్లోజ్ కొడ్తున్నం అక్కా అని. నాలుగు గంటలు మొదటి జవాబుకే, క్లోజ్‌కు కాదు అని నేను సక్కగ చెప్పలేదన్నట్టు. తప్పు నాది. బోర్డు మీద రాసి పెట్టిన.

ఇప్పుడు 14 దగ్గర ఉన్నం. మొదటి జవాబు 86 నుంచి 91 నడుమ ఊగుతుంది. క్లోజ్ చేసే టికెట్లు వారానికి 1,310కి దిగినయి, సార్ అడిగిండు. వచ్చే టికెట్లే తగ్గినయని చూపిచ్చిన, తిరిగొచ్చేవి రాకపోతే మొత్తమే తగ్గుతది గదా. పెండింగ్ పెరగలే. క్లయింట్ మేం పంపిన బగ్గుల లిస్టుల ఒకటి సరిచేసిన్రు, ఇన్‌వాయిస్ ప్రింట్ తీస్తే రెండో పేజీ ఖాళీగ వచ్చేది, దాని మీదనే రోజు పది టికెట్లు వస్తుండె.

ఎనుమాముల_కాంటా | ఆదివారం రాత్రి 8:00

మూడో వారం నువ్వు నోరు తెరిచి తిట్టి ఉంటే ఆ పిల్లగాడు చెప్పేటోడు కాదు చెల్లె. సెప్టెంబర్ చివరికి 12 అయితదా?

మడికొండ_మెట్లు | ఆదివారం రాత్రి 8:25

13 దగ్గర ఆగుతదేమో అన్నా, ఇద్దరు కొత్తోళ్లు వచ్చిన్రు. 13 అయితే 13 అనే రాస్త షీట్‌ల. రేపు సోమవారం మీటింగ్ పరకాల పిల్ల నడుపుతనన్నది, బస్సు లేటయినా పదింటికి ముందే వస్తనని ఇందాకనే ఫోన్ చేసింది.